అద్దాల గదికి ఏ డీహ్యూమిడిఫయర్? డబ్బా మీద అంకెలు చదవడం నేర్చుకుందాం

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్యలో ఈ డీహ్యూమిడిఫయర్ గొడవేంటి అనుకుంటున్నారేమో. కారణం చెప్తాను. మొదటి జీతంతో కొనుక్కున్న 50 ఎంఎం లెన్స్‌ని ఈ జనవరిలో లైట్‌కి ఎదురుగా పెట్టి చూస్తే, లోపలి గాజు మీద సాలెగూడు దారాల్లా సన్నగా ఫంగస్ కనిపించింది. లెన్స్ ఉన్నది నా డెస్క్ సొరుగులో. డెస్క్ ఉన్నది కన్సర్వేటరీలో. అసలు తప్పు అక్కడే.

యూకేకి ఆన్‌సైట్ వచ్చినవాళ్లకి కన్సర్వేటరీ అంటే తెలిసే ఉంటుంది. ఇంటి వెనక, తోట వైపు అతికించిన అద్దాల గది. గోడలు అద్దాలే, పైకప్పు చాలాచోట్ల పాలీకార్బొనేట్ షీటు. ఇల్లు అద్దెకి చూసేటప్పుడు, "అబ్బ, ఎంత వెలుతురో, వర్క్ ఫ్రమ్ హోమ్‌కి సూపర్" అనిపిస్తుంది. సెప్టెంబర్ దాకా నిజమే. నవంబర్ వచ్చేసరికి పొద్దున్నే అద్దాలన్నీ చెమటలు కారుస్తుంటాయి, పైకప్పు నుంచి చుక్కలు కీబోర్డ్ మీద పడతాయి, మూలల్లో నల్ల బూజు, గదంతా ముక్క వాసన. మా రూమ్మేట్‌కి ఆస్తమా ఉంది. ఆ బూజు పెరిగేకొద్దీ వాడి ఇన్‌హేలర్ వాడకం కూడా పెరిగింది. ఇంటి ఏజెన్సీవాళ్లకి మెయిల్ పెడితే, "మీరు లోపల బట్టలు ఆరేస్తున్నారు, అందుకే" అని ఒక్క లైన్ జవాబు వచ్చింది. బూజు మరక మిగిలితే వెళ్లేటప్పుడు డిపాజిట్‌లో కోత పడుతుందని వేరే చెప్పక్కర్లేదు కదా.

సరే, మెషిన్ కొందాం అనుకున్నాను. మొదటిది తప్పు కొన్నాను. రెండోది అరువు తెచ్చాను, అదీ తప్పే. మూడోది కొనేముందు కూర్చుని లెక్కలు వేశాను. ఈ ఆర్టికల్ ఆ లెక్కల గురించే.

గాలిలో నీళ్లు ఎన్ని ఉంటాయి?

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఒక క్యూబిక్ మీటర్ గాలి 5 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా 6.8 గ్రాములు, 10 దగ్గర 9.4, 20 దగ్గర 17.3, 30 దగ్గర 30.4 గ్రాములు పట్టుకుంటుంది. మీ మీటర్‌లో కనిపించే తేమ శాతం అంటే ఆ గరిష్ఠంలో ఎంత వంతు నిండిందీ అని. అది బ్యాటరీ పర్సంటేజ్ లాంటిది, బ్యాటరీ సైజు చెప్పదు. 6 డిగ్రీల గదిలో 80% అంటే 5.8 గ్రాములే. 20 డిగ్రీల గదిలో 50% అంటే 8.6 గ్రాములు. శాతం చూస్తే మొదటి గది భయంకరంగా, రెండోది హాయిగా కనిపిస్తుంది. నీళ్లు ఎక్కువున్నది మాత్రం రెండోదాంట్లోనే.

అందుకే శాతం ఒక్కటే చూస్తే పని జరగదు, డ్యూ పాయింట్ చూడాలి. గాలి ఏ ఉష్ణోగ్రతకి చల్లబడితే అందులోని ఆవిరి నీళ్లుగా మారడం మొదలవుతుందో అదే డ్యూ పాయింట్. దీనికి పెద్ద ఫార్ములా ఉంది కానీ 50% పైన ఉన్నప్పుడు నోటి లెక్క చాలు: 100 నుంచి తేమ శాతం తీసేసి, వచ్చినదాన్ని 5తో భాగించి, గది ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. 20 డిగ్రీలు, 60% అయితే 40ని 5తో భాగిస్తే 8, అంటే డ్యూ పాయింట్ 12. ఆ గదిలో 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్లు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ బాటిల్ మీద పట్టినట్టే.

ఇప్పుడు మా గది సంగతి. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు, సగటున రెండున్నర మీటర్ల ఎత్తు, మొత్తం 30 క్యూబిక్ మీటర్లు. 20 డిగ్రీలు, 60% దగ్గర అందులో ఉన్న నీళ్లన్నీ కలిపితే 310 గ్రాములు. ఒకటిన్నర గ్లాసు, అంతే! ఇది చూసి నేను చాలాసేపు నమ్మలేదు. మరి ఇన్ని నీళ్లు ఎక్కడివి? వాషింగ్ మెషిన్‌లోంచి తీసిన బట్టల్ని ఎయిర్‌పోర్ట్‌కి వాడే లగేజీ స్కేల్‌తో తూచాను, ఆరాక మళ్లీ తూచాను. తేడా దాదాపు 2 కిలోలు. అంటే 2 లీటర్లు. 20 డిగ్రీల దగ్గర గదిలోని గాలి పూర్తిగా నిండినా పట్టేది అర లీటరే. ఒక్క లోడు బట్టలు దానికి నాలుగు రెట్లు నీళ్లు వదులుతున్నాయి. మిగతాది సందుల్లోంచి బయటికి పోవాలి, లేదంటే అద్దాల మీదకి ఎక్కాలి.

ఏజెన్సీవాళ్ల మాటలో సగం నిజం ఉందని అప్పుడు ఒప్పుకోవాల్సి వచ్చింది. మిగతా సగం సంగతి చివర్లో చెప్తాను.

అద్దం ఎంత చల్లగా ఉంటుంది?

లోపల 18, బయట 2 డిగ్రీలు అనుకుందాం. ఒకే పొర అద్దం అయితే దాని లోపలి వైపు సుమారు 6.5 డిగ్రీలు ఉంటుంది. పాతకాలపు డబుల్ గ్లేజింగ్ అయితే 12. ఇప్పటి మంచి డబుల్ గ్లేజింగ్ అయితే 15.5 దాకా. దీన్ని తేమ శాతంలోకి మారిస్తే అసలు బొమ్మ కనిపిస్తుంది. ఒకే పొర అద్దం మీద 47% దాటగానే నీళ్లు పడతాయి. పాత డబుల్ గ్లేజింగ్ మీద 69% దాకా పడవు. కొత్తదాని మీద 85% దాకా పర్లేదు. కాబట్టి పక్కింటివాళ్లకి పనిచేసిన సెట్టింగ్ మీకు పనిచేయకపోవచ్చు. ముందు మీ అద్దం ఏ రకమో చూసుకోండి. అద్దం అంచులు మధ్యభాగం కంటే ఇంకా చల్లగా ఉంటాయి. నీళ్లు ఎప్పుడూ కింది అంచు నుంచే మొదలయ్యేది అందుకే.

రెండు అద్దాల మధ్యలో మసక పట్టిందంటే సీల్ పోయినట్టు. దానికి ప్రపంచంలో ఏ డీహ్యూమిడిఫయరూ పనిచేయదు. ఆ యూనిట్ మార్చాల్సిందే.

ఇంకో విషయం. ఇంగ్లాండ్‌లో 30 చదరపు మీటర్లలోపు, నేల మీద కట్టిన కన్సర్వేటరీని, ఇంటికీ దానికీ మధ్య బయటి తలుపులాంటి గట్టి తలుపు ఉండి, ఇంటి హీటింగ్ అందులోకి పొడిగించకుండా ఉంటే, బిల్డింగ్ రెగ్యులేషన్స్ నుంచి మినహాయిస్తారు. సింపుల్‌గా చెప్పాలంటే అది ఇంట్లో గది కాదు, బయట ఉన్న గది. మనం ఏం చేస్తాం? ఆ మధ్య తలుపు తెరిచి ఉంచుతాం, ఇంటి వెచ్చదనం వస్తుందిలే అని. వెచ్చదనంతో పాటు కిచెన్‌లో పప్పు ఉడికిన ఆవిరి, కుక్కర్ విజిల్స్, బాత్రూమ్ షవర్ ఆవిరి అన్నీ వచ్చి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉన్న ఆ అద్దాల మీద కూర్చుంటాయి. మెషిన్ కొనకముందే పైసా ఖర్చు లేకుండా చేయాల్సిన పని ఆ తలుపు మూయడం. మేం మూసిన మొదటి రాత్రికే తేడా కనిపించింది.

వర్షం పడుతుంటే కిటికీ తెరవాలా?

మన ఊరి అలవాటు ఇక్కడ తలకిందులవుతుంది. ఆగస్టులో వైజాగ్‌లో 29 డిగ్రీలు, 80% ఉన్నప్పుడు బయటి గాలిలో క్యూబిక్ మీటర్‌కి 23 గ్రాముల నీళ్లున్నాయి. 24 డిగ్రీల ఏసీ గదిలోకి ఆ గాలి వస్తే అది పట్టగలిగేదే 21.8. కిటికీ తెరవడమంటే చెమ్మని ఇంట్లోకి పిలవడమే. మనకి అమ్మ చెప్పిన "వాన పడుతోంది, కిటికీ వెయ్యి" అక్కడ కరెక్ట్.

యూకే చలికాలంలో బయట 5 డిగ్రీలు, 90%, సన్నగా తుంపర. చూస్తే తడి వాతావరణం. లెక్కేస్తే 6.1 గ్రాములే. అదే గాలిని లోపలికి తెచ్చి 18కి వేడి చేస్తే 40% అవుతుంది, పొడి గాలి! కాబట్టి బట్టలు ఆరేసినప్పుడు హీటర్ వేసి, పది నిమిషాలు కిటికీ తెరిస్తే మంచిదే. హీటర్ లేకుండా గది 8 డిగ్రీలకి పడిపోయి ఉంటే మాత్రం అదే గాలి 74% దగ్గర ఆగుతుంది, అంతకంటే కిందకి కిటికీ తీసుకెళ్లలేదు. మెషిన్ అవసరం మొదలయ్యేది అక్కడ. మెషిన్ నడుస్తుంటే కిటికీలన్నీ మూసేయాలి. లేకపోతే తోటని ఆరబెడుతున్నట్టే.

మూడు రకాల మెషిన్లు

మొదటిది పెల్టియర్. ఆన్‌లైన్‌లో 30, 40 పౌండ్లకి దొరికే చిన్న, అందమైన, శబ్దం లేని డబ్బాలన్నీ ఇవే. నేను మొదట పడింది ఈ గుంటలోనే. పెల్టియర్ అంటే కరెంట్ ఇస్తే ఒకవైపు చల్లగా, ఇంకోవైపు వేడిగా అయ్యే చిప్. ఫోన్ కూలర్లలో గేమింగ్ కోసం వాడేది అదే. చల్లటి వైపు నీళ్లు పడతాయి, నిజమే. కానీ ఎంత? 70 వాట్లు తిని రోజుకి 400 మిల్లీలీటర్లు అని డబ్బా మీద ఉంటే, అది కూడా 30 డిగ్రీల వేడి, 80% తేమ ఉన్న గదిలో. మా చల్లటి గదిలో మూడు రోజులకి టీ కప్పు నిండలేదు. వార్డ్‌రోబ్‌కి తప్ప కొనకండి.

రెండోది కంప్రెసర్. ఫ్రిజ్‌లాగే గ్యాస్, చల్లటి కాయిల్. గాలి కాయిల్‌కి తగిలి నీళ్లు రాలుతాయి. మా టీమ్‌లో ఒకన్న తన 12 లీటర్ల మెషిన్ ఇచ్చాడు, "తమ్ముడూ, మా బెడ్‌రూమ్‌లో సూపర్‌గా పనిచేస్తోంది, వారం వాడి చూడు" అని. వాళ్ల బెడ్‌రూమ్ 20 డిగ్రీలు. మా కన్సర్వేటరీ రాత్రి 8. గది అంత చల్లగా ఉంటే కాయిల్ సున్నా కిందకి వెళ్లాలి, వెళ్తే దాని మీద ఐస్ కడుతుంది, అది కరిగేదాకా మెషిన్ నీళ్లు తీయడం ఆపి డీఫ్రాస్ట్ చేసుకుంటుంది. రాత్రంతా ఇదే భాగోతం. మెషిన్ తప్పేం లేదు, తప్పు గదిలో పెట్టాం.

మూడోది డెసికెంట్. షూ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్ చూశారు కదా, అదే ఐడియా. లోపల జియోలైట్ పూసిన చక్రం నెమ్మదిగా తిరుగుతుంది. ఒకవైపు గదిలోని గాలి నుంచి తేమ పీల్చుకుంటుంది, ఇంకోవైపు హీటర్ దాన్ని ఆరబెడుతుంది, ఆ ఆవిరి చల్లబడి ట్యాంక్‌లో పడుతుంది. కాయిల్ లేదు కాబట్టి ఐస్ గొడవ లేదు, 1 డిగ్రీ దగ్గరా పనిచేసేవి ఉన్నాయి. మీకో డీడీ8ఎల్, ఎకోఎయిర్ డీడీ1 ఈ రకానివి. బయటికి వచ్చే గాలి 10, 15 డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. కరెంట్ మాత్రం బాగా తింటుంది.

"12 లీటర్లు" అంటే ఏ గదిలో?

ఫోన్ బ్యాటరీ టెస్ట్‌లో బ్రైట్‌నెస్ ఎంతో చెప్పకుండా 20 గంటలు అంటే నమ్ముతామా? ఇక్కడా అంతే. కంప్రెసర్ మెషిన్ల మీద పెద్ద అక్షరాల అంకె సాధారణంగా 30 డిగ్రీలు, 80% దగ్గర కొలిచింది. రీడింగ్‌లోనో స్లావ్‌లోనో ఏ కన్సర్వేటరీ జనవరిలో అలా ఉంటుంది? స్పెసిఫికేషన్ షీట్‌లో కిందకి వెళ్తే 20 డిగ్రీలు, 60% దగ్గర అంకె ఉంటుంది, చాలాసార్లు సగం లేదా ఇంకా తక్కువ. డెసికెంట్లని మామూలుగా ఈ 20/60 దగ్గరే కొలుస్తారు. అందుకే 8 లీటర్ల డెసికెంట్ చిన్నదీ కాదు, 12 లీటర్ల కంప్రెసర్ పెద్దదీ కాదు.

తర్వాత నా ఫేవరెట్ లెక్క. వాట్లని 24తో గుణించి 1000తో భాగిస్తే రోజుకి యూనిట్లు వస్తాయి. దాన్ని రోజుకి తీసే లీటర్లతో భాగిస్తే లీటర్‌కి ఎన్ని యూనిట్లో తెలుస్తుంది. ఉదాహరణకి 165 వాట్ల కంప్రెసర్ 20/60 దగ్గర 5 లీటర్లు తీస్తే, లీటర్‌కి 0.8 యూనిట్. 650 వాట్ల డెసికెంట్ 8 లీటర్లు తీస్తే, లీటర్‌కి దాదాపు 2. పై పెల్టియర్ లీటర్‌కి 4.2, అదీ 30 డిగ్రీల దగ్గర! యూనిట్ 27 పెన్స్ అనుకుంటే ఒక లోడు బట్టలు ఆరడానికి కంప్రెసర్‌తో 43 పెన్స్, డెసికెంట్‌తో పౌండ్ పైన.

ఇది చూసి కంప్రెసరే బెటర్ అని ఆగిపోకండి. ఆవిరి నీళ్లుగా మారినప్పుడు లీటర్‌కి 0.68 యూనిట్ వేడి బయటికి వస్తుంది, అదీ గదిలోకే. మెషిన్ తిన్న కరెంట్ కూడా చివరికి వేడిగా గదిలోకే వస్తుంది. నేను ఎలాగూ డెస్క్ పక్కన 700 వాట్ల ఆయిల్ హీటర్ పెట్టుకుంటున్నాను. డెసికెంట్ వచ్చాక పగలు ఆ హీటర్ ఆపేశాను. నా బిల్లులో డెసికెంట్ ఖర్చు చాలావరకు హీటర్ ఖర్చు స్థానంలోకి వచ్చింది. సెంట్రల్ హీటింగ్ ఉన్న బెడ్‌రూమ్‌లో ఈ వాదన చెల్లదు, అక్కడ కంప్రెసర్ కొనండి. వైజాగ్, కాకినాడలో ఉన్నవాళ్లకైతే డౌటే లేదు, కంప్రెసర్. 30/80 అనే అంకె నిజంగా నిజమయ్యేది అక్కడే. కాకపోతే గది వేడెక్కుతుంది, ఏసీ ఉంటే ముందు దాని డ్రై మోడ్ వాడి చూడండి.

నా తీర్పు సూటిగా: చలికాలంలో 15 డిగ్రీల కంటే కిందకి పడే గదికి డెసికెంట్. హీటింగ్ ఉన్న గదికి కంప్రెసర్. "40 చదరపు మీటర్ల గదికి సరిపోతుంది" లాంటి మాటల్ని పట్టించుకోవద్దు, మీ బట్టల లోడ్లు లెక్కపెట్టుకోండి. పైపు తగిలించే డ్రైన్ ఉందో లేదో చూడండి. చాలా మెషిన్ల ట్యాంక్ 2 లీటర్ల దగ్గరే ఉంటుంది, ఒక్క లోడుకే నిండి ఆగిపోతుంది.

స్మార్ట్ ప్లగ్‌తో జాగ్రత్త

మనవాళ్లకి మొదట వచ్చే ఐడియా: 15 పౌండ్ల స్మార్ట్ ప్లగ్, ఆటోమేషన్, అయిపోయింది. ఆగండి. డెసికెంట్‌ని ఆపినప్పుడు లోపలి హీటర్ చల్లబడేదాకా ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరగాలి. ప్లగ్‌తో టక్కున కరెంట్ కట్ చేస్తే ఆ వేడంతా లోపలే ఉండిపోతుంది. పైగా టచ్ బటన్లున్న కొన్ని మెషిన్లు కరెంట్ తిరిగొచ్చినా వాటంతట అవి స్టార్ట్ కావు. మెషిన్‌లో ఉన్న హ్యూమిడిస్టాట్‌నే వాడండి, ప్లగ్‌ని కరెంట్ మీటర్‌గా మాత్రమే ఉంచండి.

ఆటోమేషన్ సరదా తీరాలంటే సెన్సర్ల దగ్గర తీర్చుకోండి. డీహెచ్‌టీ11 వద్దు, 5% అటూఇటూ చెప్తుంది. ఎస్‌హెచ్‌టీ31 లాంటిది, లేదా షావోమీ చిన్న బ్లూటూత్ మీటర్ చాలు. నమ్మకం లేకపోతే ఉప్పు పరీక్ష చేయండి: సీసా మూతలో ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లతో ముద్దలా తడిపి, సెన్సర్‌తో పాటు జిప్‌లాక్ కవర్‌లో ఎనిమిది గంటలు ఉంచితే 75% చూపించాలి. నాది 79 చూపించింది, కోడ్‌లో 4 తీసేశాను.

నేను ఈఎస్‌పీ32 బోర్డుకి గాలి కోసం ఒక సెన్సర్, అద్దం కింది అంచుకి టేప్‌తో అంటించిన డీఎస్18బీ20 ఒకటి తగిలించాను. అద్దం ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ మధ్య తేడా 2 డిగ్రీల కంటే తగ్గితే ఫోన్‌కి నోటిఫికేషన్. తేమ శాతం మీద అలర్ట్ పెట్టినప్పుడు రాత్రంతా ఉత్తుత్తినే మోగేది. ఇలా మార్చాక నిజంగా నీళ్లు పట్టబోయేటప్పుడే మోగుతోంది. మెషిన్ సెట్టింగ్ పగలు 55% దగ్గర ఉంచాను. 40%కి పెట్టకండి, చల్లటి గదిలో అది ఎప్పటికీ అందదు, మీటర్ మాత్రం గిర్రున తిరుగుతుంది.

ఆ మిగతా సగం

మెషిన్ వచ్చిన వారానికి అద్దాలు పొడిబారాయి. ఇంటి గోడకి పైకప్పు కలిసే మూల మాత్రం తడిగానే ఉంది. లాగ్ తీసి చూస్తే డ్యూ పాయింట్ తేడా 5 డిగ్రీలున్న రోజుల్లోనూ అక్కడ తడే. వాన పడిన మర్నాడు ఎక్కువ. అప్పుడు వంటింటి ఫాయిల్ ముక్కని ఆ గోడకి నాలుగువైపులా టేప్ వేసి రెండు రోజులు వదిలేశాను. నీళ్లు ఫాయిల్ పైన, గది వైపు పడితే అది మన ఆవిరి. ఫాయిల్ వెనక, గోడ వైపు ఉంటే గోడలోంచి వస్తున్న నీళ్లు. తీసి చూస్తే వెనకంతా తడి, పైన పొడి.

ఫోటోలు, గ్రాఫ్, బట్టల బరువు లెక్క, వాన పడిన తేదీలు అన్నీ ఒకే మెయిల్‌లో పెట్టి పంపాను. బట్టల వల్ల వచ్చిన నీళ్లు మావే అని కూడా అందులోనే రాశాను. ఈసారి ఒక్క లైన్ జవాబు రాలేదు, పైకప్పు పనివాడు వచ్చాడు. గోడకి, పైకప్పుకి మధ్య ఉండే సీసపు రేకు ఊడిపోయి ఉంది. అతికించాడు, గంట పని. డిపాజిట్ మాట మళ్లీ ఎత్తలేదు.

రూమ్మేట్ మూలల్లో బూజు తుడిచి రెండు నెలలైంది, తిరిగి రాలేదు. లెన్స్ క్లీనింగ్‌కి ఇస్తే లోపలి కోటింగ్ కొంత పోయిందన్నారు. వెలుతురుకి ఎదురుగా ఫోటో తీస్తే ఇప్పటికీ చిన్న మసక వస్తుంది. ఇప్పుడది సిలికా జెల్ ఉన్న గాలి చొరబడని డబ్బాలో, బెడ్‌రూమ్‌లో ఉంది.